పాత పాయింటు, కొత్త పాయింటు: ముందు చక్రాన్ని కొలవండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఒంగోలులో మీ పెరట్లో 45 మిల్లీమీటర్ల గేజి (రెండు పట్టాల మధ్య దూరం) నమూనా రైలు లైను వేస్తున్నారు. జర్మనీలో పనిచేసి వచ్చిన మీ పెదనాన్నగారు 1980లలో కొన్న ఎల్‌జీబీ (జర్మనీ నమూనా రైళ్ల కంపెనీ) పాయింట్లు, అంటే రైలును ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించే పట్టా ముక్కలు, ఆరు మీ చేతికి వచ్చాయి. వాటికి తోడు ఈ ఏడాది మీరు మరో కంపెనీవి మూడు కొత్త పాయింట్లు తెప్పించుకున్నారు. ఇప్పుడు కొత్త వ్యాగన్లు పాత పాయింటు దాటేటప్పుడు గుంటలో పడినట్లు పడి పట్టా దిగుతున్నాయి. పెదనాన్నగారి పాత ఇంజను కొత్త పాయింటు మీద ఎగిరెగిరి పడుతోంది. పాతవన్నీ తీసేసి కొత్తవి కొనాలా అని అడిగారు. పాయింటును తిప్పే పాత మోటారు పెట్టెల్లో కొన్నిటికి మూడు తీగలు, కొన్నిటికి రెండు ఎందుకున్నాయని కూడా అడిగారు.

ఇప్పుడే ఏమీ కొనవద్దు. ఒక వెర్నియర్ కాలిపర్ సంపాదించి మీ దగ్గరున్న చక్రాలన్నీ కొలవండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే మీ పాయింట్లలో ఏదీ చెడిపోలేదు. పాతవి ఒక రకం చక్రం కోసం పుట్టాయి, కొత్తవి ఇంకో రకం చక్రం కోసం పుట్టాయి. మీరు ఆ రెండు రకాల చక్రాలనూ ఒకే లైను మీద నడుపుతున్నారు.

నేను రైల్వేలో సిగ్నల్ మెయింటెయినర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగం ఎక్కువ భాగం బిట్రగుంట చుట్టుపక్కలే గడిచింది. మా నాన్నగారు దొనకొండలో మీటరు గేజి రోజుల్లో పాయింట్స్‌మన్. కావలిలో ఇల్లు కట్టుకున్నాక వెనక పెరట్లో, మామిడిచెట్టును చుట్టి వచ్చేలా ఒక చిన్న లైను వేశాను. ఇప్పటికి పదిహేడేళ్లయింది. దాని మీద పద్నాలుగు పాయింట్లున్నాయి: ఎనిమిది పాతవి, ఆరు కొత్తవి. ఒకే రైలు అన్నిటి మీదా తిరుగుతోంది. కాబట్టి మీ ఇబ్బంది తీరేదే.

మీ పాత సామాను 1:22.5 నమూనాలోది, అంటే నిజం రైలులో 22.5వ వంతు. మీటరు గేజిని, అంటే 1000 మి.మీ.ని, 22.5తో భాగిస్తే 44.4 వస్తుంది. అది ఈ 45కు దగ్గరగా సరిపోతుంది. గుంటూరు నుంచి దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా వెళ్లే లైను 1990లలో బ్రాడ్‌గేజిగా మారేదాకా అదే మీటరు గేజి. మీ పెదనాన్నగారి పాయింటు లాంటిది చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు మా నాన్నగారి పని గుర్తొస్తుంది. వాటిని పారేయవద్దని ఇంత గట్టిగా చెప్పడానికి అదీ ఒక కారణం. అయితే ఇదే పట్టా మీద 1:29 సామాను, 1:32 సామాను కూడా నడుస్తుంది. మామూలు స్టాండర్డ్ గేజి 1435ని 32తో భాగిస్తే 44.8 వస్తుంది కదా. ఇన్ని నమూనాల వాళ్లు ఒకే పట్టాను పంచుకున్నారు. చక్రాల దగ్గర మాత్రం ఎవరి కొలత వారిదే. చిక్కంతా అక్కడ మొదలైంది.

పాయింటులో కష్టమైన చోటు క్రాసింగ్. రెండు పట్టాలు ఒకదాన్నొకటి కోసుకుని వెళ్లే చోటు అది. విదేశీ అభిరుచిదారులు దాన్ని ఫ్రాగ్ అంటారు, మన రైల్వేలో క్రాసింగ్ అంటాం, దాని కొసను నోస్ అంటాం. చక్రం లోపలి అంచున పొడుచుకు వచ్చే ఫ్లాంజి దాటిపోవడానికి అక్కడ పట్టాలో సందు వదలక తప్పదు. సందు వదిలితే ఆ కాస్త దూరం చక్రం కింద పట్టా ఉండదు. పెద్ద రైల్వేలో ఒక పట్టా చక్రాన్ని వదిలేలోపే నోస్ ఆ బరువును అందుకుంటుంది, ఎందుకంటే అక్కడ కోణం చాలా చిన్నది. మన దగ్గర 12కి 1 పాయింటులో (12 అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పక్కకు విడిపోయేది) ఆ కోణం ఐదు డిగ్రీల లోపు, ఎనిమిదిన్నరకు 1 అయితే ఏడు డిగ్రీల లోపు. మీ దగ్గరున్న పాతవాటిలో అతి చిన్న రకం, ఆర్1 అనేది, 30 డిగ్రీలు తిరుగుతుంది. అంత కోణంలో సందు పెద్దదవుతుంది, చక్రం వెడల్పు దాన్ని కప్పలేదు.

1968లో ఎల్‌జీబీ మొదలైనప్పుడు దీనికి వాళ్లు ఎంచుకున్న ఉపాయం తేలికైనది, గట్టిది. క్రాసింగ్‌ను ప్లాస్టిక్‌తో పోసి, సందు అడుగును ఫ్లాంజి లోతుకు సరిపోయేలా పెట్టారు. చక్రం అక్కడికి రాగానే ట్రెడ్డు (మామూలుగా పట్టా మీద దొర్లే భాగం) మీద కాకుండా ఫ్లాంజి అంచు మీద నడుస్తుంది. అడుగున నేల ఉంది కాబట్టి ఎక్కడా పడిపోదు. ఈ ఉపాయం పనిచేయాలంటే ఫ్లాంజి లోతుగా ఉండాలి. అప్పటి చక్రాలకు అది 3 మి.మీ.కు అటూ ఇటూ ఉండేది. మన బ్రాడ్‌గేజి కొత్త చక్రానికి ఫ్లాంజి ఎత్తు 28.5 మి.మీ. దాన్ని 22.5తో భాగిస్తే 1.3 కూడా రాదు. అంటే ఆ పాత చక్రాల ఫ్లాంజి నిజం చక్రంతో పోలిస్తే రెండింతలకు పైమాటే. చూడటానికి మోటుగానే ఉంటుంది. కానీ నేల కుంగినా, ఎండుటాకు అడ్డుపడినా ఆ చక్రం పట్టా వదలదు. పెరట్లో నడిచే రైలుకు అది చిన్న గుణం కాదు.

తర్వాత వచ్చిన తయారీలో అందం వైపు మొగ్గు పెరిగింది. ఫ్లాంజిని 2 మి.మీ. దగ్గరికి తగ్గించినవారున్నారు, ఇంకా తగ్గించినవారూ ఉన్నారు. పట్టా ఎత్తు కూడా తగ్గింది. ఎల్‌జీబీ పట్టా అంగుళంలో వెయ్యింట 332 వంతులు, అంటే 8.4 మి.మీ. ఎత్తు. పెకో వంటి కంపెనీలవారు 250, అంటే 6.35 మి.మీ. పట్టా ఇస్తున్నారు. ఈ కొత్త పాయింట్లలో చాలావాటికి క్రాసింగ్ లోహంతో చేసింది, సందు సన్నగా ఉంటుంది, కోణం చిన్నది. చక్రం ట్రెడ్డు మీదే నడవాలని, చెక్ రైలు అనే పొట్టి పట్టా దాన్ని సరైన దారిలో పట్టి ఉంచాలని వాళ్ల ఆలోచన. ఇది పెద్ద రైల్వే పద్ధతికి దగ్గరగా ఉంటుంది. మంచి పద్ధతే, కానీ కొలతలు తప్పితే క్షమించదు.

ఇప్పుడు మీ రెండు లక్షణాలను పక్కపక్కన పెట్టి చూడండి. 2 మి.మీ. ఫ్లాంజి ఉన్న కొత్త వ్యాగన్ చక్రం 3 మి.మీ. లోతున్న పాత క్రాసింగ్‌లోకి వచ్చింది. అడుగు ఇంకా 1 మి.మీ. కింద ఉంది. చక్రం ఆ 1 మి.మీ. కిందికి పడుతుంది, నోస్ తగులుతుంది, ఎక్కితే ఎక్కుతుంది లేకపోతే దిగిపోతుంది. పాత ఇంజనుది దీనికి తలకిందుల కథ. 3 మి.మీ. ఫ్లాంజి తక్కువ లోతున్న కొత్త క్రాసింగ్ అడుగును గుద్దుకుని చక్రాన్ని పైకి లేపుతుంది. మీరు చూసిన ఎగురుడు అదే.

కొలిచే పద్ధతి చెబుతాను, ఎందుకంటే ఇక్కడ చాలామంది తొందరపడతారు. వ్యాగన్‌ను తలకిందులుగా మెత్తని తువ్వాలు మీద పెట్టండి. కాలిపర్ చివరి నుంచి బయటికి వచ్చే లోతు పుల్లతో ట్రెడ్డు నుంచి ఫ్లాంజి అంచుదాకా కొలవండి. ఒకే చక్రాన్ని మూడుచోట్ల కొలవండి. తర్వాత కాలిపర్ లోపలి దవడలతో రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం తీసుకోండి. అది 40 మి.మీ. చుట్టూ ఉండాలి. నేను ఒకసారి కొన్న నాలుగు వ్యాగన్లలో ఒకదానికి ఇది 38.8 మాత్రమే ఉంది. ఆ వ్యాగన్ ప్రతి చెక్ రైలునూ గీసుకుంటూ పోయేది, తెరిచి ఉన్న టంగ్ రైలు (పాయింటులో అటూ ఇటూ కదిలే పట్టా) వీపును కూడా తాకేది. నేనేమో వారం రోజులు పాయింటును అరగదీస్తూ కూర్చున్నాను. చక్రాన్ని ఇరుసు మీద మెల్లగా తిప్పుతూ బయటికి లాగి 40కి తెచ్చాక ఒక్కసారి కూడా దిగలేదు. ప్రతి జతకూ రెండు అంకెలు, ఫ్లాంజి లోతు, లోపలి దూరం, ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాత అదే లోతు పుల్లతో తొమ్మిది పాయింట్ల క్రాసింగ్ లోతూ రాయండి.

పాత క్రాసింగ్ అడుగును ఒకసారి టార్చి వేసి ఏటవాలుగా చూడండి. సన్నటి మెరిసే గీత కనిపిస్తే ఫ్లాంజి అక్కడ నడుస్తోందన్నమాట, ఆ పాయింటు తన పని తాను చేస్తోంది. గీత నోస్ దగ్గర తెగిపోయి, అక్కడ చిన్న చిన్న గాట్లు ఉంటే చక్రం పడుతోందని అర్థం. ఏళ్ల తరబడి లోహపు చక్రాలు తిరిగిన క్రాసింగ్‌లో అడుగు కూడా అరిగి ఉంటుంది, కాబట్టి లోతు 3కు బదులు 3.4 వచ్చినా ఆశ్చర్యపోవద్దు.

మందు ఏమిటంటే అడుగును మళ్లీ పైకి తేవడమే. క్రాసింగ్ లోతులో నుంచి ఫ్లాంజి లోతు తీసేస్తే ఎంత మందం ప్లాస్టిక్ రేకు అతికించాలో తెలుస్తుంది. లోతు 3.1, ఫ్లాంజి 2.1 అయితే 1 మి.మీ. రేకు. సందు వెడల్పుకు సరిగ్గా కోసి, రెండు చివరలనూ సన్నటి ఆకురాయితో వాలుగా దించి అతికించండి. వాలు లేకపోతే చక్రం ఆ మెట్టు ఎక్కేటప్పుడు మళ్లీ ఎగురుతుంది. అతికించే ముందు క్రాసింగ్‌ను సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి, పాత నూనె ఉంటే ఏ జిగురూ పట్టదు.

అయితే ఈ రేకు వేశాక 3 మి.మీ. పాత చక్రం ఆ పాయింటు మీద లేస్తుంది. అందుకే రేకు వేయడానికి ముందే మీరు ఒక నిర్ణయానికి రావాలి: మీ లైను మీద ఏ చక్రం నడవాలి? వ్యాగన్లకు చక్రాల జతలు మార్చడం తేలిక, నాలుగు నిమిషాల పని. ఇంజనుకు అలా కాదు, దాని చక్రం గేర్లతో, కరెంటు అందుకునే బ్రష్‌లతో ముడిపడి ఉంటుంది. కాబట్టి నా సలహా, మీరు దాచుకోవాలనుకుంటున్న ఇంజను ఏదో ముందు తేల్చుకోండి, మిగతా సామాను చక్రాలన్నీ దానికి దగ్గరగా తెచ్చుకోండి. పెదనాన్నగారి ఇంజనే ముఖ్యమైతే కొత్త వ్యాగన్లకు లోతైన ఫ్లాంజి చక్రాలు వేయండి, అప్పుడు పాత ఆరు పాయింట్లకు రేకు అవసరమే ఉండదు. నేనైతే అదే చేసేవాణ్ణి. కొత్త మూడు పాయింట్ల మాట కింద చెబుతాను.

చెక్ రైలు సంగతి చాలామంది పట్టించుకోరు. క్రాసింగ్‌కు ఎదురుగా, అవతలి పట్టా లోపల ఉండే పొట్టి పట్టా అది. చక్రం వీపును పట్టుకుని, రెండో చక్రం నోస్‌కు తప్పు వైపు పోకుండా లాగి ఉంచుతుంది. పాత పాయింట్లలో, కొత్తవాటిలో చవకరకాల్లో కూడా, ఈ సందు అవసరం కంటే వెడల్పుగా ఉంటుంది. పరీక్ష చేతితోనే: ఒక వ్యాగన్‌ను పాయింటు మీద పెట్టి, చూపుడువేలితో దాన్ని నోస్ వైపు నొక్కుతూ నిదానంగా తోయండి. నోస్ కొస ఫ్లాంజికి తగిలి టక్కుమంటే చెక్ రైలు పట్టడం లేదు. దాని సందు వైపు ముఖానికి అర మి.మీ. ప్లాస్టిక్ పట్టీ అతికించి మళ్లీ తోసి చూడండి. చాలకపోతే ఇంకో పట్టీ. మూడో పట్టీ అవసరమైతే ఆగి, చక్రాల లోపలి దూరం మళ్లీ కొలవండి.

టంగ్ రైలు దగ్గర మా నాన్నగారి మాట చెప్పాలి. దొనకొండలో ఆయన లీవరు లాగి ఊరుకునేవారు కాదు. చేతిదీపం పట్టుకుని పాయింటు దాకా నడిచి వెళ్లి, వంగి చూసేవారు. చిన్నప్పుడు నేను వెంట వెళితే, "లీవరు పడిందా అని కాదు, టంగ్ అతికిందా అని చూడాలి" అనేవారు. నా ఉద్యోగంలో అదే మాట కొలతగా మారింది. టంగ్ రైలుకు, అది అతుక్కునే స్టాక్ రైలుకు మధ్య, కొస నుంచి 150 మి.మీ. దూరంలో 5 మి.మీ. మందమున్న అడ్డు పెట్టి పాయింటును తిప్పుతాం. అప్పుడది లాక్ కాకూడదు. లాక్ అయిందంటే సందు ఉండగానే రైలు వెళ్లవచ్చని సిగ్నల్ పడే ప్రమాదం ఉన్నట్లు. ఆ 5 మి.మీ.ని 22.5తో భాగిస్తే 0.22 వస్తుంది, దాదాపు ఒక విజిటింగ్ కార్డు మందం. మీ పాయింట్లు అన్నిటికీ ఆ పరీక్ష పెట్టండి. పాయింటు తిప్పాక టంగ్ కొస దగ్గర కార్డు అంచు దూరకూడదు. దూరితే ఏదో ఒకరోజు ఫ్లాంజి కూడా దూరుతుంది. కారణం సాధారణంగా రెండింటిలో ఒకటి: సందులో ఇరుక్కున్న కంకర రవ్వ, లేదా చాలినంత బలం లేని స్ప్రింగు. టంగ్ కొస మొద్దుగా, స్టాక్ రైలు కంటే ఎత్తుగా ఉంటే సన్నటి ఆకురాయితో పైనుంచి కాస్త దించండి. గోరుతో వెనక నుంచి ముందుకు రాసి చూడండి, గోరు ఆగకూడదు.

ఇక తిప్పే యంత్రాల సంగతి. పాతవాటిలో చేతితో తిప్పే పెట్టె లోపల స్ప్రింగు ఉంటుంది. అది టంగ్‌ను రెండు వైపులా నొక్కి పట్టుకుంటుంది కానీ తాళం వేయదు. చీలిన దారి వైపు నుంచి వచ్చిన రైలు, పాయింటు తప్పుగా ఉన్నా, చక్రాలతోనే టంగ్‌ను తోసుకుని వెళ్లిపోతుంది. పెద్ద రైల్వేలో దీన్ని ట్రెయిల్ త్రూ అంటాం, అది తీవ్రమైన తప్పు, పాయింటు వంగిపోతుంది, విచారణ జరుగుతుంది. అలవాటు కొద్దీ నాకు మొదట్లో ఇది చూస్తే గుండె ఝల్లుమనేది. కానీ పెరటి లైనులో ఇది వరం. పిల్లలు నడిపినా ఏమీ విరగదు. కొత్తవాటిలో సర్వో (చెప్పిన చోటికి తిరిగి అక్కడే ఆగే) మోటారుతో తిరిగే పాయింట్లకు ఈ వెసులుబాటు ఉండదు. సర్వో తన చోటును గట్టిగా పట్టుకుంటుంది, రైలు చీలిన దారి వైపు నుంచి వస్తే పాయింటు ఒప్పుకోదు, రైలు పెట్టెలు పక్కకు దిగుతాయి. సర్వోకు, టంగ్‌కు మధ్య సన్నటి స్టీలు తీగను ఒమేగా ఆకారంలో వంచి పెడితే కొంత సాగుతుంది. నేను అన్నిటికీ అలాగే పెట్టాను.

మీ మూడు తీగలు, రెండు తీగల ప్రశ్న. మూడు తీగలది పాత రకం, లోపల రెండు కాయిల్స్ ఉంటాయి. ఒక తీగ ఉమ్మడి, మిగతా రెండిట్లో ఒకటి ఇటు లాగుతుంది, ఇంకొకటి అటు లాగుతుంది. మల్టీమీటరును ఓమ్స్‌లో పెట్టి కొలవండి. ఏ రెండు తీగల మధ్య నిరోధం మిగతావాటికి రెట్టింపు వస్తుందో ఆ రెండూ బయటి తీగలు, మిగిలింది ఉమ్మడి. రెండు తీగలది తర్వాత వచ్చిన, ఎల్‌జీబీవారు ఈపీఎల్ అని పిలిచే రకం, లోపల చిన్న డీసీ మోటారు. ప్లస్, మైనస్ మారిస్తే దిశ మారుతుంది, అంతే. వాళ్ల మీట పెట్టె ఏసీ కరెంటులో సగం తరంగాన్ని డయోడ్లతో కోసి ఇటో అటో పంపుతుంది. మీ దగ్గర ఆ పెట్టె లేకపోయినా 12 నుంచి 18 వోల్టుల డీసీని, దిశ మార్చే మీటతో, అర సెకను పాటు ఇస్తే చాలు. ఈ రెండు రకాలనూ ఒకే మీటకు కలపవద్దు. అన్నిటికంటే ముఖ్యం, రెండు రకాలకూ కరెంటు ఒక్క క్షణమే ఇవ్వాలి. నొక్కి ఉంచితే కాలిపోతాయి. నొక్కగానే వదిలేసే స్ప్రింగు మీటలే వాడండి, ఇంట్లో లైటు స్విచ్చి లాంటివి ఎంత మాత్రం వద్దు.

కొత్త పాయింట్లలో లోహపు క్రాసింగ్ ఉంటే ఇంకో జాగ్రత్త కావాలి. మీ ఇంజన్లకు కరెంటు పట్టాల నుంచి వస్తోందా, బ్యాటరీ నుంచా అన్నది మీరు రాయలేదు. పట్టాల నుంచి అయితే, ఆ క్రాసింగ్ పాయింటు ఎటు తిరిగితే అటువైపు పట్టా కరెంటును అందుకోవాలి. దానికి టంగ్‌తో పాటు కదిలే చిన్న మైక్రో స్విచ్చి కావాలి. అది లేకుండా కలిపితే షార్టు అవుతుంది. పాత ప్లాస్టిక్ క్రాసింగ్‌కు ఈ బాధ లేదు. మధ్యలో కాస్త దూరం కరెంటు ఉండదు, కానీ ఎల్‌జీబీ ఇంజన్లలో చాలావాటికి చక్రాలతో పాటు పట్టాను రాసుకుంటూ పోయే చెప్పుల్లాంటి లోహపు ముక్కలు ఉంటాయి, అవి ఆ ఖాళీని దాటిస్తాయి. చక్రాలు తక్కువున్న చిన్న ఇంజను మాత్రం నిదానంగా వెళితే అక్కడ ఆగిపోవచ్చు. నేను ఆరేళ్ల కిందట ఇంజన్లన్నీ బ్యాటరీ, రేడియో పద్ధతికి మార్చాను. కావలిలో సముద్రపు గాలికి ఇత్తడి పట్టా మీద వారానికే నల్లటి పొర కడుతుంది, దాన్ని రోజూ తుడవడం నా వయసులో అయ్యే పని కాదు. ఒంగోలు కూడా సముద్రానికి దూరమేమీ కాదు, మీరూ ఆలోచించండి.

మన వాతావరణం గురించి విదేశాల వాళ్లు రాసిన సూచనల్లో దొరకదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఇత్తడి డిగ్రీకి మీటరుకు సుమారు 0.019 మి.మీ. సాగుతుంది. తెల్లవారుజామున 25 డిగ్రీలున్న పట్టా మే నెల మధ్యాహ్నం ఎండలో 65కు చేరితే, పది మీటర్ల లైను ఏడున్నర మి.మీ. పైగా పెరుగుతుంది. ఆ తోపుడు అంతా ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ పడుతుంది, ఆ బలహీనమైన చోటు పాయింటే. నా రెండో ఏడాది వేసవిలో ఒక పాత పాయింటు గేజి మధ్యాహ్నానికి 46 దాటేది, సాయంత్రానికి మళ్లీ 45కు వచ్చేది. పొద్దున బాగున్న పాయింటు మధ్యాహ్నం రైలును ఎందుకు దింపుతోందో అర్థం కాక చాలా రోజులు తిరిగాను. పాయింటుకు రెండు వైపులా రెండు మి.మీ. చొప్పున ఖాళీ వదిలి, పట్టాలను కలిపే జారే ఫిష్‌ప్లేట్లు వేశాకే అది కుదుటపడింది.

పాయింటు కింద మట్టి ఉండకూడదు. వర్షానికి కుంగుతుంది, ఎండకు పగులుతుంది. నేను మార్కాపురం పలక రాయి వాడతాను. అంగుళం మందం బండ, పాయింటు కంటే నాలుగు వేళ్లు ఎక్కువ పొడవు. ఇసుక పరిచి మట్టం చూసి బండను కూర్చోబెట్టి, పాయింటును ఒక చివర మాత్రమే సిలికాన్ చుక్కలతో అతికిస్తాను, రెండో చివర సాగడానికి వదిలేస్తాను. చుట్టూ చీమకుర్తి రాతి చిప్స్ పోస్తాను. ఆ రాయి గుండ్రంగా దొర్లదు, ఒకదానికొకటి పట్టుకుని కూర్చుంటుంది. టంగ్‌లను కలిపే కడ్డీ కింద, చుట్టూ ఒక అంగుళం మేర మాత్రం ఏమీ పోయవద్దు.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వారం మా పెరట్లో రెండు రోజులు చీలమండల లోతు నీళ్లు నిలిచాయి. నీళ్లు తీశాక ఒక్కొక్క పాయింటూ విప్పి చూశాను. పాత చేతి పెట్టెలు బురద కడిగి, తుప్పుపట్టిన స్ప్రింగులు మార్చగానే తిరిగాయి. బాల్ పెన్నులో స్టెయిన్‌లెస్ స్టీలు స్ప్రింగు దొరికితే అది వాటిలో చక్కగా సరిపోతుంది. రెండు తీగల మోటార్లు ఎండలో ఆరబెట్టాక నాలుగింటిలో మూడు లేచాయి. ఆరు సర్వోల్లో నాలుగు చచ్చిపోయాయి. అప్పటి నుంచి సర్వోలను నేల మీద పెట్టడం మానేశాను. జానెడు ఎత్తున చిన్న స్తంభానికి మూత ఉన్న డబ్బాలో పెట్టి, సైకిల్ బ్రేకు తీగతో టంగ్‌ను లాగుతున్నాను. నీళ్లు లేకపోయినా పురుగులుంటాయి. తొలకరి తర్వాత రోకలిబండలు, ఎండాకాలంలో చీమలు మోటారు పెట్టెల్లో కాపురం పెడతాయి. నెలకోసారి మూత తీసి ఊదండి.

కందెనగా కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె వద్దు. దుమ్ము పట్టి ముద్దవుతుంది. పెన్సిలు ములికి గీకిన గ్రాఫైటు పొడి చాలు. పెద్ద రైల్వేలో టంగ్ జారే స్లైడ్ చెయిర్లకు కూడా గ్రాఫైటు వాడతాం.

మీ తొమ్మిదింటినీ ఎక్కడ పెట్టాలంటే, పాత ఆరింటిలో ఆర్1 రకం ఎన్నో చూడండి. వాటి వంపు వ్యాసార్ధం 600 మి.మీ. నమూనా లెక్కలో అది పదమూడున్నర మీటర్లే, మామూలు నిజం రైలు అంత మలుపు తిరగదు. వాటిని యార్డులో, షెడ్డు లైన్లలో, నిదానంగా వెళ్లే చోట పెట్టండి. 22.5 డిగ్రీలు తిరిగే ఆర్3 ఉంటే, దాని వ్యాసార్ధం 1200కు దగ్గర, అవి స్టేషన్‌కు బాగుంటాయి. కొత్త మూడూ పెద్ద వంపువి కాబట్టి రైలు వేగంగా వెళ్లే లూపు మీద పెట్టాల్సినవే, కానీ పాత ఇంజను వాటి మీద ఎగురుతోంది కదా. వాటి క్రాసింగ్ అడుగు ప్లాస్టిక్ అయితే సన్నటి ఆకురాయితో ఇంజను ఫ్లాంజికి సరిపడా లోతు చేయవచ్చు. కొంచెం కొంచెంగా, కొలుస్తూ. లోహపు పోత అయితే దాన్ని ముట్టుకోవద్దు, ఆ మూడింటినీ కొత్త చక్రాల రైలు కోసం వేరే లూపుగా ఉంచండి.

చక్రాల కొలతలు, క్రాసింగ్ లోతులు రాసి పంపండి. ఫ్లాంజి లోతు, లోపలి దూరం, పాయింటు వారీగా లోతు, ఈ మూడు వరుసలుంటే ఏ పాయింటుకు ఎంత మందం రేకు కావాలో లెక్కకట్టి చెబుతాను. మూడు తీగల పెట్టెల ఓమ్స్ కూడా రాయండి. అందులో ఒకదానికి ఒకవైపు నిరోధం సున్నా వచ్చినా, మీటరు అసలు కదలకపోయినా ఆ కాయిల్ పోయినట్లే. ఆ పాయింటుకు చేతి పెట్టె బిగించుకోండి.